పసుపు కనబడని పెళ్లికూతురు

కంకిపాడులో పాతికేళ్లుగా పెళ్లి ఫొటోలు తీస్తున్న అంతోనికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ ఉదయం పెరటి ఎండలో పీట మీద కూర్చున్న పెళ్లికూతురు శాంభవికి ముత్తయిదువలు పసుపు రాస్తుంటే, నాలుగు ఫొటోలు తీసి కెమెరా తెరలో చూసుకున్నాడు. ఒళ్లు మండిపోయింది. ఒంటినిండా పసుపు పూసుకున్న పిల్ల, జ్వరపడి లేచినదానిలా పాలిపోయి ఉంది.

మెనూ తెరిచాడు. నిన్న బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కెమెరాని సర్వీసుకిస్తే, అక్కడి మెకానిక్ అంతోని పెట్టుకున్న సెట్టింగులన్నీ చెరిపేసి, వెలుగుని బట్టి రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ని ఆటోలో పెట్టేశాడు. ఆటోలో ఉంటే కెమెరా పసుపును తప్పు రంగనుకుని తనే దిద్దేస్తుంది.

"వాడి చేతులు విరగ్గొట్టాలి!" అని పళ్లు కొరుకుతూ, ఎండలో రంగుల్ని ఉన్నవున్నట్టు చూపించే, సూర్యుడి బొమ్మ ఉన్న సెట్టింగుకి మార్చబోయాడు.

వెనక నుంచి తొంగిచూసిన పెళ్లికూతురి మేనత్త చెయ్యి అడ్డం పెట్టింది. "మార్చకండి అంతోనిగారూ, మా పిల్ల ఎంత తెల్లగా వచ్చిందో!"

అంతోని గొంతు పెరడంతా వినబడింది. "తెల్లగా కావాలంటే పసుపెందుకండీ, సున్నం కొట్టించకపోయారా!"

మేనత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. పీట మీద శాంభవి పకపకా నవ్వింది. అంతోని సూర్యుడి బొమ్మ నొక్కి, కోపం దిగకుండానే ఆ నవ్వును పసుపుతో సహా పట్టేశాడు.