మా చెల్లె ఎంచుకున్న పాత్ర

మా చిన్నప్పుడు రాక్షసుణ్ణి చంపడానికి మా దగ్గర కంప్యూటర్ లేదు... ఒక పొడుగు నోటుబుక్కు, ఒక పక్క తెల్లగా అరగదీసిన నాలుగు చింతగింజలు, బాన్సువాడలో మా ఇంటి ముందు రేకుల నీడ. ఎండాకాలం మధ్యాహ్నాలు అక్కడే గడిచేవి.

ఆ ఆట తెచ్చింది మా పెద్దమ్మ కొడుకు ప్రేమన్న. నిజామాబాద్‌లో చదివేవాడు. అక్కడ స్నేహితుడి కంప్యూటర్‌లో చూసిన ఆటను సెలవుల్లో మా కోసం కాగితం మీదికి దించాడు. కత్తి పట్టేవాడు, విల్లు వేసేవాడు, మంత్రం చదివేవాడు, గాయం మాన్పేవాడు... ఎవరికి నచ్చింది వాళ్లు అవ్వచ్చు. ఒక్కొక్కరికి పది మార్కులు. బలం, వేగం, తెలివి, ఓపిక... ఏ గడిలో ఎన్ని వేసుకుంటావో నీ ఇష్టం. ఒకసారి రాశాక మాత్రం కొట్టివేత లేదు.

"ఇగ ఒక్కొక్కరు మీ పాత్ర ఏందో చెప్పుండ్రి" అన్నాడు ప్రేమన్న.

నేను కత్తి తీసుకున్నాను. పదికి పది బలంలోనే గుమ్మరించాను. పక్కింటి సాయిలు విల్లు తీసుకుని వేగంలో ఎనిమిది వేశాడు. మా చెల్లె రూతుకు అప్పుడు తొమ్మిదేళ్లు. పాత్ర అంటే కుమ్మరి చేసేదని, అందులో నీళ్లో నూనో పోస్తారని సండే స్కూల్లో నేర్చుకున్న పిల్ల. బాగా ఆలోచించి చెప్పింది.

"నాది గంజు."

గంజు... పదిమందికి అన్నం వండే పెద్ద గిన్నె. సాయిలు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గంజు యుద్ధం చేస్తదా? రాక్షసుని మీద పప్పు పోస్తవా పిల్లా?"

"అన్న పాత్ర అన్నడు. గంజు పాత్ర కాదా మరి?"

ప్రేమన్న నవ్వలేదు. కొత్త గీత గీసి, గంజు అని రాశాడు. "సరే, మార్కులు దేంట్ల ఏయాలె?"

రూతు నాలుగు గళ్లూ చూసింది... ఏదీ నచ్చలేదు. ఐదోది గీయించుకుంది. దాని పేరు 'పట్టుడు'. పదికి పది అందులోనే. "మీ సామాన్లన్ని నాల పడ్తయి" అంది.

వారం రోజులు ఆడాం. అడవి దాటాం, గుహ దాటాం... కానీ వేగంలో సున్నా కాబట్టి గింజలు ఎన్ని తెల్లగా పడ్డా రూతుకు ఒక్క అడుగే. ప్రతిసారీ ఆమె కోసం ఆగాలి. నాకు ఒళ్లు మండేది.

చివరి రోజు ప్రేమన్న ఆశ పెట్టాడు. "రాక్షసుని కోట దాక ఎవరొస్తే వాళ్లను నిజామాబాద్ తోల్కపోత. అసలు ఆట ఆడిపిస్త."

రూతు లోపలికి పరుగెత్తి క్రిస్మస్ గౌను తీసి, మడత విప్పి దండెం మీద వేసి వచ్చింది.

నేను నాయకుణ్ణి. "గంజును ఈడ్నే ఇడ్సిపెడ్దాం. అది ఉంటే మనం సాయంత్రానికి గూడ కోటకు చేరం" అన్నాను. సాయిలు చెయ్యెత్తాడు. ఇద్దరం ఒక వైపు, ఆమె ఒక్కతే ఒక వైపు. ప్రేమన్న నా వంక చూసి "జర సోంచాయించు" అన్నాడు. నేను ఏమీ ఆలోచించలేదు.

రూతు ఏడవలేదు. లేచి వెళ్లి, అవ్వ పక్కన చాట ముందు కూర్చుంది.

రెండు ఎత్తుల్లో ఎడారి వచ్చింది. దాని అంచున ఒక చెలిమ... "నీళ్లయితే ఉన్నయి. అవతలికి మూడు దినాల నడక. దేంట్ల పట్కపోతరు?" అని అడిగాడు ప్రేమన్న.

సాయిలు నా వైపు చూశాడు. వాడి దగ్గర విల్లు, నా దగ్గర కత్తి.

"ఏయ్ రూతు, ఇటు రా. వచ్చి కూసో" అని పిలిచాను.

"నేను ఆడ్తలేనన్న. బియ్యం ఏర్తున్న."

ఆ ఎడారిలోనే చచ్చిపోయాం. ఎవరమూ నిజామాబాద్ వెళ్లలేదు. ఆ తర్వాత రూతు మాతో ఏ ఆటకూ కూర్చోలేదు...

నేను ఏ బైబిల్ కాలేజీలోనూ వాక్యం నేర్వలేదు. లేఖనం తెరిచి, అర్థం కాకపోతే మళ్లీ తెరిచి, చర్చిలో వాక్యం చెప్పేవాణ్ణి అయ్యాను. అందులో ఒక విధవరాలు తన దగ్గర మిగిలిన కొంచెం నూనె పోయడానికి ఇరుగుపొరుగు ఇళ్లలో ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకున్న ఘట్టం ఉంది కదా... పాత్రలు ఉన్నంతసేపు నూనె పారింది. ఇంకో పాత్ర లేదనగానే ఆగింది. వింటున్నారా... నూనె చాలక ఆగలేదు, పాత్ర చాలక ఆగింది! మైకులో ఈ మాట ఎన్నిసార్లు ఉరిమానో. ఉరిమిన ప్రతిసారీ నా కాలు ఒక చోట నిలవదు. ఎందుకంటే మా కూటంలో గొంతున్న వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టేది నేనే... మెల్లగా మాట్లాడేవాళ్లు ఎక్కడ కూర్చుంటారో చూడనిదీ నేనే.

మొన్న కోటగిరిలో రూతు ఇంటికి వెళ్లాను. ఆమె బిడ్డ ఫోన్‌లో అలాంటి ఆటే ఆడుతోంది. వేలితో జరిపిన కొద్దీ కొత్త పాత్రలు వస్తూనే ఉన్నాయి.

"ఇన్నున్నయి గద, నువ్వేది తీస్కుంటవ్ బిడ్డా?"

"గిదే మామా. అందరు గిదే తీస్కుంటరు. మార్కులు ఎట్ల ఏస్తే గెలుస్తమో వీడియోల ఒకాయన చెప్పిండు."

ఏమీ తెలియని ఆ రోజుల్లో ఎవరికి తోచింది వాళ్లం అయ్యాం... ఇప్పుడు అన్నీ తెలిసి, అందరూ ఒక్కరే అవుతున్నారు.

రూతు చాయ్ తెచ్చింది. ఇన్నేళ్లకు అడిగాను. "ఆ దినం నేను పిలిస్తే ఎందుకు రాలేదు చెల్లె?"

"పిలిచినవా?" అంది, గ్లాసు చేతికిస్తూ. "పని పడ్డదని కేకేసినవ్. పిలిస్తే వస్తుంటినన్న."

జనాన్ని దేవుని దగ్గరికి పిలవడమే నా పని అని చెప్పుకు తిరిగేవాణ్ణి... అప్పటి నుంచి కూర్చుంటే లేస్తున్నాను, లేస్తే నడుస్తున్నాను. ఆదివారం వాక్యం ఇంకా సిద్ధం కాలేదు.

మీరూ ఒకప్పుడు ఎవరినో ఆటలోంచి లేపి పంపే ఉంటారు... ఆ పేరు కింద రాయండి. మొదటి పేరు నేను రాశాను.