పొద మీద ఆరేసిన బట్టలు

ప్లాంటు బస్సుకి టైమవుతోంది. షూ లేసు కట్టుకుందామని వంగితే తల పగిలిపోయేంత నొప్పి. ఒళ్లు కాలిపోతోంది. "పడవ షికారు చేసొచ్చి వారం దాటింది, ఇంకా ఏం అలసట?" అని మా ఆవిడ విసుక్కుంది.

ఆ షికారు సంగతి చెప్పాలి. నాతో పనిచేసే అప్పలరాజు, సురేష్ కలిసి ఏజెన్సీ వైపు రిజర్వాయర్‌లో కనూ క్యాంపింగ్ అంటూ నన్ను లాక్కెళ్లారు. సురేష్‌కి కొత్త కెమెరా. కనూ అంటే సన్నటి తెడ్డు పడవ, అది ఎక్కిన మొహం ముగ్గురిలో ఒక్కడికీ లేదు. అప్పలరాజు వాళ్లది భీమిలిలో చేపల వేటకెళ్లే కుటుంబం. "సముద్దరంలో పుట్టినోల్లం బావా, ఈ సెరువేటి లెక్క?" అంటూ తెప్ప మీద నిలబడినట్టే కనూలో లేచి నిలబడ్డాడు. అంతే, ముగ్గురం నీళ్లలో పడ్డాం. గట్టెక్కగానే సురేష్ అన్న మొదటి మాట, "కెమెరా కవర్లో ఉంది, తడవలేదురా బాబూ!" తడిసిన బట్టలు పొదల మీద ఆరేసి, సాయంత్రం మళ్లీ అవే తొడుక్కున్నాం. దాన్ని కూడా వీడియో తీశాడు.

సీతమ్మధార క్లినిక్‌లో మలేరియా, డెంగీ నెగటివ్ వచ్చాయి. వైడల్ టెస్ట్ పాజిటివ్ అని టైఫాయిడ్ మందులిచ్చారు. గంజి తాగుతూ పడుకున్నాను. జ్వరం తగ్గలేదు సరికదా, ఆయాసం మొదలైంది. పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. "ప్లేట్‌లెట్స్ పడిపోతున్నాయి, క్రియాటినిన్ పెరుగుతోంది, కిడ్నీల మీద పడుతోంది" అని డాక్టరుగారు మా ఆవిడతో అనడం వినిపించింది. ఇక ఇంటికి వెళ్లనేమో అని భయమేసింది.

ఎక్కడికైనా వెళ్లారా అని డాక్టర్లు అడిగిన ప్రతిసారీ, నాకు నోరే లేనట్టు అప్పలరాజు అందుకునేవాడు. "నీల్లల్లో పడ్డాడండి. నిమ్ము సేసింది." లేచే ఓపికుంటే కొట్టేవాణ్ణి.

ఒకరోజు సురేష్ నన్ను నవ్విద్దామని మంచం పక్కన ఆ వీడియో పెట్టాడు. రౌండ్స్‌కి వచ్చిన లేడీ డాక్టర్ ఆగిపోయారు.

"ఆ పొదల మీద ఆరేసిన బట్టలే మళ్లీ వేసుకున్నారా?"

"బాగా ఎండాకే ఏసుకున్నామండి," అన్నాడు అప్పలరాజు.

ఆవిడ వాణ్ణి పట్టించుకోకుండా నా పైజమా బొందు వదులు చేయించి చూశారు. నడుం దగ్గర నల్లగా చెక్కు కట్టిన పుండు, సిగరెట్‌తో కాల్చినట్టు. నొప్పి లేదు, దురద లేదు. నాకే తెలియదు.

"ఇది ఎస్కార్, పురుగు కుట్టినచోట కట్టే చెక్కు. స్క్రబ్ టైఫస్ అయ్యుంటుంది. పొదల్లో ఉండే నలకంత పురుగు కుడితే వస్తుంది. బ్లడ్ టెస్ట్‌కి పంపుదాం, డాక్సీసైక్లిన్ మందు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి," అన్నారు.

రిపోర్టూ అదే చెప్పింది. రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఇన్ని స్కానింగులు తీసినవాళ్లు ఒక్కసారి ఆ బొందు కింద చూసి ఉంటే! ఆ మంట నాకింకా చల్లారలేదు.

ఇప్పుడు డ్యూటీకి వెళ్తున్నాను. మెట్లెక్కితే మాత్రం కాళ్లు వణుకుతాయి. "మల్లీ ఎల్దామా బావా? ఈపాలి కూకునే తెడ్డేత్తాను," అంటాడు అప్పలరాజు. నేను బస్సెక్కి కూర్చుంటాను.

జ్వరమొస్తే ఏ ఊరు వెళ్లారో చెప్పి ఊరుకోకండి. గడ్డిలో ఎక్కడ కూర్చున్నారు, బట్టలు ఎక్కడ ఆరేశారు, అదీ చెప్పండి. నడుం, చంకలు, గజ్జలు ఇంట్లోవాళ్లని చూడమనండి. నోట మాట ఉన్నంతవరకూ మీ సంగతి మీరే చెప్పుకోండి. అప్పలరాజు మంచివాడే. రోజూ మా ఆవిడకి క్యారేజీ తెచ్చిపెట్టాడు. అయినా నన్ను చంపేసి ఉండేవాడు.