గోడ వెనక స్పానిష్

నలభై నాలుగేళ్ళ వయసులో, ఎదురుగా ల్యాప్‌టాప్‌లో నవ్వుతూ కూర్చున్న కుర్రాడు "పిల్లి బల్ల కింద ఉంది" అని స్పానిష్‌లో చెప్పమంటే నాకు ఒళ్ళంతా రోత పుట్టింది. మా ఆఫీసులో పిల్లి లేదు. బల్ల కింద శాంపిల్ సంచులు తప్ప ఖాళీ లేదు. అయినా చెప్పాను. "బ్రావో!" అన్నాడు. నేను ఏం చెప్పినా బ్రావో అనేవాడు. తప్పు చెప్పినా అనేవాడు. అంత చవకగా మెచ్చుకునేవాళ్ళను చూస్తే నాకు మొదటినుంచీ పడదు.

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు మీద ఉన్న మిరపకాయల ఎగుమతి కంపెనీలో నేను ఆఫీసు పనులు చూస్తాను. కాయ మిషన్‌లోకి పోయేముందు తొడిమ తీయాలి. ఆ పని చేసేందుకు పెద్ద రేకుల షెడ్డులో నలభై ఇద్దరు ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. ఆ ఏడాది స్పెయిన్ నుంచి సరుకు కొనే కంపెనీ తరఫున ఒకావిడ మా షెడ్డు చూడటానికి వస్తుందని కబురొచ్చింది. ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం. దుబాసీని పెట్టుకోవాలంటే మా యజమానికి ప్రాణం పోయినంత పనైంది.

"ఎందుకమ్మా దండగ? పెద్ద పెద్ద మాటలకు ఫోన్లో యాప్ ఉందిగా. నువ్వు అంకెలు, తేదీలు, టైము నేర్చుకో చాలు. ఆమెతో నాలుగు ముక్కలు వాళ్ళ భాషలో అంటే కరిగిపోద్ది" అన్నాడు.

అలా నా స్పానిష్ చదువు మొదలైంది. రోజూ సాయంత్రం ఐదింటికి క్లాసు. ఉనో, దోస్, త్రేస్ అని నేను మొదలుపెట్టగానే షెడ్డు నుంచి కోరు, ఆ మిరప ఘాటు, వచ్చి ముక్కులో దూరేది. తుమ్మేదాన్ని. కుర్రాడు "సలూద్!" అనేవాడు. వాళ్ళ దేశంలో ఎవరైనా తుమ్మితే అలా అంటారట. పదిదాకా లెక్కపెట్టేలోపు నాలుగు సలూద్‌లు. మిరపకాయల మధ్య బతికేవాళ్ళకు తుమ్మినప్పుడల్లా ఆయురారోగ్యాలు దీవిస్తూ కూర్చుంటే ఎవరికైనా చిరాకొస్తుంది. "బాబూ, నువ్వు ఆ మాట మానెయ్యి, నేను తుమ్ము మానలేను" అన్నాను. నవ్వి మళ్ళీ సలూద్ అన్నాడు.

నెలల పేర్లలో మార్సో, అబ్రీల్ మాత్రం చటుక్కున పట్టుబడ్డాయి. మా సీజను అప్పుడే కదా. మిగతావన్నీ ఎన్నిసార్లు చదివినా జారిపోయేవి. ఆ తర్వాత వస్తువులు ఎక్కడున్నాయో చెప్పే మాటలు వచ్చాయి. మీద, కింద, మధ్య, ముందు, వెనక. వెనక అంటే దెత్రాస్. "మీ చుట్టూ చూసి ఏదో ఒకటి చెప్పండి, దేని వెనక ఏముంది?" అని అడిగాడు.

కిటికీలోంచి చూశాను. ప్రహరీగోడ కనిపించింది. గోడ వెనక ఏముందో నాకు బాగా తెలుసు. "తెలీదు" అన్నాను. బ్రావో అన్నాడు.

గోడ వెనక సర్కారు తుమ్మచెట్లు, వాటి మధ్య మురుగు కాలవ. మా ఆడవాళ్ళు వెళ్ళేది అక్కడికే. ఇద్దరిద్దరుగా వెళ్తారు. ఒకరు కూర్చుంటే ఇంకొకరు కాపలా, ఎందుకంటే లారీలు ఆపుకునే డ్రైవర్లు కూడా అటే వస్తారు. పైగా పొద్దుటినుంచీ మిరపకాయలు పట్టిన చేతులు. ఎంత కడిగినా ఆ మంట పోదు. ఆముదం రాసుకుంటారు, మజ్జిగతో తోముకుంటారు. ఆ చేతులతో బయటికి వెళ్ళొస్తే ఒంట్లో ఎక్కడెక్కడ మండుతుందో వాళ్ళు ఒకరికొకరు చెప్పుకుని పకపకా నవ్వుకునేవారు. ఆ నవ్వు వినలేక నేను కిటికీ మూసేదాన్ని.

కంపెనీలో మరుగుదొడ్డి లేక కాదు. షెడ్డు పక్కనే ఉంది. అంతకుముందు ఏడాది కొనేవాళ్ళు అడిగారని కట్టించారు. తెల్లటి టైల్స్, గోడకు అద్దం, కుండీ, కుళాయి. ఫోటోలు తీసి పంపారు. అవి చూసి వాళ్ళు తృప్తి పడ్డారు. ఆ సాయంత్రమే తాళం పడింది. తాళంచెవి యజమాని సొరుగులో చేరింది.

షెడ్డులో ముప్ఫై ఏళ్ళు దాటని ఒకామె ఉండేది. తొడిమ తీయడంలో ఆమె చేతివేగం చూస్తే కళ్ళు తిరిగేవి. రెండుసార్లు చలిజ్వరంతో పడిపోయింది. పెద్దాసుపత్రిలో చూపిస్తే మూత్రంలో చీము ఉందన్నారట. నీళ్ళు బాగా తాగాలని, ఆపుకోకూడదని, ఇలాగే ఉంటే కిడ్నీ దెబ్బతింటుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట.

"మరి తాగుతున్నావా?" అని అడిగాను.

"తాగితే మళ్ళీ యాడికి బోవాలమ్మా? పొద్దున ఇంటికాడ ఓ గళాసు, మళ్ళీ ఇంటికి బోయినాకనే" అంది. "ఇంకోపాలి జొరమొస్తే పని మానుకోమన్నాడు మా ఆయన. మానుకుంటే ఇల్లెట్టా గడుస్తది?"

నేను వెళ్ళి యజమానిని తాళంచెవి అడిగాను. ఆయన చెడ్డవాడిలా మాట్లాడడు, అదే నాకు మరీ ఒళ్ళు మంట. మెల్లగా, పెద్దరికంగా చెప్పాడు.

"అంతమంది వాడితే రెండ్రోజుల్లో కంపు చేసిపెడతారమ్మా. ఆ స్పెయిన్ ఆమె వచ్చి చూసి పోనీ, తర్వాత చూద్దాం. అయినా వాళ్ళకి అలవాటేగా!"

అలవాటట! ఆ మాట అన్న నోటితోనే టీ తాగి, మేడమీద తన గదిలోని బాత్రూముకు వెళ్ళొచ్చాడు. నేను వాడేదీ మేడమీదే. ఆ రోజు స్పానిష్ క్లాసులో నూరుదాకా అంకెలు చెప్పమంటే పళ్ళు కొరుకుతూ చెప్పాను. ఉచ్చారణ బాగా కుదిరిందని కుర్రాడు మురిసిపోయాడు.

స్పెయిన్ ఆవిడ వచ్చే రోజు పెళ్ళివారిల్లులా హడావుడి. షెడ్డు కడిగారు. ఆడవాళ్ళ తలలకు టోపీలు, చేతులకు తొడుగులు వచ్చాయి. "ఇంట్లో శుభకార్యమైతే ఎట్టా ఉండాలో అట్టా ఉండాలి, గుమ్మమున్న ప్రతిచోటా ముగ్గు పడాలి" అని యజమాని ఆజ్ఞ. గేటు ముందు, ఆఫీసు ముందు, షెడ్డు ముందు వేశారు. మరుగుదొడ్డికీ గుమ్మం ఉంది కదా. దానిముందు కూడా వేయించాడు. వేసింది ఆ జ్వరం మనిషే, అందరిలోకీ ముగ్గులు బాగా వేసేది ఆమే కాబట్టి. ఏడింటికల్లా గుమ్మం ఈ చివరినుంచి ఆ చివరిదాకా చుక్కలు పెట్టి, తామరపూలు దింపి, మధ్యలో పసుపూ కుంకుమా అద్దింది. ఆ తర్వాత యజమాని తాళం తీశాడు. తీసి, స్పెయిన్ ఆవిడ వచ్చి చూసేదాకా ఎవరూ ముగ్గు తొక్కకూడదన్నాడు. గోడ వెనక్కి కూడా ఎవరూ వెళ్ళకూడదన్నాడు, కారు ఏ నిమిషాన వస్తుందో, ఆమె కళ్ళబడితే పరువు పోతుందని.

పదింటికి రావలసిన మనిషి రాలేదు. విమానం ఆలస్యమైందన్నారు. పన్నెండైంది. రెండైంది. రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. ఆడవాళ్ళు నీళ్ళ సీసాల వైపు చూడటం కూడా మానేశారు. మధ్యాహ్నం అన్నాలు సగం సగం తిని మూతలు పెట్టారు. జ్వరం మనిషి మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, పెదవి కొరుక్కుంటూ తొడిమలు తీస్తోంది. ముఖమంతా చెమట. నేను దగ్గరికెళ్ళి "లేచి వెళ్ళు, ఎవరేమంటారో నేను చూసుకుంటా" అన్నాను.

"వద్దులేమ్మా. నావల్ల ఆర్డరు పోయిందంటే అందరూ నన్నే అంటారు" అంది.

అక్కడ నిలబడి ఉంటే నాకు మా యజమాని మీద, ఎక్కడో కూర్చుని ఫోటోలు చూసి సరేనన్న ఆ కొనేవాళ్ళ మీద, రుచిగా కారం తినే లోకం మీద ఒకేసారి అసహ్యం వేసింది. ఊరికే కోపమైతే కాసేపటికి చల్లారేది. ఇది చల్లారలేదు.

మూడున్నర దాటాక కారొచ్చింది. యాభై ఏళ్ళావిడ. పొట్టి జుట్టు, నలిగిన నూలు చొక్కా. శాలువా కప్పారు, దండ వేశారు. ఆవిడ షెడ్డులో అడుగుపెట్టగానే తుమ్మింది. నేను సలూద్ అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. యజమాని నావైపు గర్వంగా చూశాడు. ఆ ఒక్క మాటకే నా క్లాసు ఫీజు గిట్టుబాటైందని ఆయన అనుకుని ఉంటాడు.

రేకుల కింద ఫోన్ సిగ్నల్ అందలేదు. యాప్ తిరుగుతూనే ఉంది. ఇక నా బడి చదువే దిక్కు. ఎంతమంది అని అడిగింది. క్వారెంతా ఇ దోస్ అన్నాను, నలభై రెండు. అలా ఒక్కొక్కటే అడుగుతూ షెడ్డు దాటి మరుగుదొడ్డి దగ్గరికి వచ్చాం.

ఆవిడ ముగ్గు చూసి ఆగిపోయింది. వంగి ఫోటో తీసుకుంది. ఎవరు వేశారని చేత్తో అడిగింది. షెడ్డులోకి వేలు చూపించాను. అ కే ఓరా, ఎన్నింటికి, అని అడిగింది. మామూలుగా, మాట కలపడానికి అడిగిన ప్రశ్న అది.

"అ లాస్ సియెతె" అన్నాను. ఏడింటికి. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. నా గడియారం ఆవిడ ముందు పెట్టి "సోన్ లాస్ క్వాత్రో" అన్నాను. ఇప్పుడు నాలుగు. తర్వాత షెడ్డు వైపు చూపించి మళ్ళీ "క్వారెంతా ఇ దోస్" అన్నాను.

ఆవిడ గడియారం చూసింది. షెడ్డు చూసింది. ముగ్గు చూసింది. గుమ్మాన్నంతా కప్పిన ఆ ముగ్గులో ఒక్క గీత చెదరలేదు, కుంకుమ కూడా పెట్టినచోటే ఉంది. ఆవిడ ముఖంలో నవ్వు మెల్లగా పోయింది.

"ఏమంటోందమ్మా?" అన్నాడు యజమాని.

"ముగ్గు చెక్కుచెదరలేదని చూస్తోందండి."

"మన ఆడాళ్ళ చెయ్యి అట్టాంటిదని చెప్పు."

ఆవిడ నావైపు తిరిగి గొంతు తగ్గించి, "దోందె?" అంది. ఎక్కడ? వాళ్ళెక్కడికి పోతారని. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను.

"దెత్రాస్" అన్నాను. వెనక. గోడకు, చెట్లకు నాకొచ్చిన స్పానిష్ మాటలన్నీ ఏరుకుని, చెయ్యి చాపి చూపించాను.

ఆవిడ సరాసరి గోడ చుట్టూ తిరిగి వెళ్ళింది. "అటెందుకమ్మా, అటేముంది, చెప్పమ్మా నువ్వు!" అంటూ యజమాని వెంటపడ్డాడు. అంకెలు, టైము మాత్రమే నేర్చుకోమన్నారుగా, ఆగమనే మాట నాకింకా రాలేదన్నాను. ఆవిడ తిరిగొచ్చేటప్పటికి ముక్కుకు చేతిరుమాలు అడ్డం ఉంది. టీ ముట్టలేదు. కారెక్కి వెళ్ళిపోయింది.

ఆ కారు గేటు దాటీ దాటకముందే ఆడవాళ్ళు గోడ వెనక్కి పరుగెత్తారు. తాళం తీసి ఉన్న మరుగుదొడ్డివైపు ఒక్కరూ వెళ్ళలేదు. యజమాని మళ్ళీ తాళం వేశాడు.

వారం తర్వాత మెయిల్ వచ్చింది. సరుకు తీసుకుంటాం, కానీ మరుగుదొడ్డి రోజంతా తెరిచి ఉండాలి, నీళ్ళుండాలి, నెలనెలా ఆడవాళ్ళతో వీడియోలో మేమే మాట్లాడతాం అని రాశారు. యజమాని మూడుసార్లు చదివించుకున్నాడు. "తెల్లవాళ్ళ ముక్కు మరీ సున్నితమమ్మా" అని నిట్టూర్చి సొరుగు తెరిచాడు. మర్నాడు ఆడవాళ్ళనందరినీ నిలబెట్టి, మీ ఆరోగ్యం కోసం నేను ఎంతకైనా తెగిస్తానని ఉపన్యాసం ఇచ్చాడు. చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు. నేను కొట్టలేదు.

అయినా ఆ రోజు పన్నెండు దాటేదాకా ఎవరూ దాని గుమ్మం ఎక్కలేదు. మళ్ళీ ఏదన్నా అంటారేమోనని భయం. చివరికి జ్వరం మనిషి లేచింది. చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, గుళ్ళోకి వెళ్ళినట్టు లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి వచ్చింది. ముఖం కడుక్కున్నట్టుంది. తిన్నగా నా దగ్గరికొచ్చి, ఎవరూ నమ్మని సంగతి చెబుతున్నట్టు మెల్లగా అంది.

"లోపలేపు గడియ ఉందమ్మా. మనం ఏసుకునేదే. ఎవురూ రాలేరు."

సంతోషించాల్సిన చోట నాకు కంపరం పుట్టింది. అరచేతిలో పట్టే ఇనుపముక్క అది. దానికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా సీసా ఆమె చేతికిచ్చాను. నిలబడినచోటే, ఆగకుండా, మొత్తం తాగేసింది.