వేపమానుల మీద ఇనుప ముళ్లు

మైదుకూరుకు పడమరగా ఉన్న ఆ ఊళ్లో చెట్టు కొమ్మ కొట్టాలంటే హుసేనప్పనే పిలిచేవారు. తొగటవీధి పొడుగునా వేపచెట్లు. వాటి నీడలోనే నేతగాళ్లు పడుగు చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వేవారు. ఎండ నేరుగా తగిలితే గంజి బిరుసెక్కి పోగులు పుటుక్కున తెగుతాయి. అలాగని కొమ్మలు కిందికి వాలితే పడుగుకు తగులుకుంటాయి. హుసేనప్ప ఏటా నడుముకు మోకు చుట్టుకుని, ఉత్తకాళ్లతో ఎక్కి, కింది కొమ్మలు కొట్టి పై నీడ నిలిపేవాడు. ఏ కొమ్మ తీయాలో, ఏది ఉంచాలో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నలభై దాటాక చింతచెట్టు మీద నుంచి పడ్డాడు. తుంటి విరిగింది. కట్లలో బిగుసుకుపోయిన మోకాలు వాటిని విప్పాక కూడా వంగలేదు. మోకాలు వంగనివాడికి మోకు ఎందుకు? భార్య మాబీ నేతగాళ్ల ఇళ్లలో కండెలు చుట్టి తెచ్చే జొన్నలతోనే పొయ్యి వెలిగేది. ఆమె సంగటి ముద్ద ముందు పెడితే తల ఎత్తలేకపోయేవాడు.

అప్పుడు కొయ్య స్తంభాలెక్కే తంతి పనివాడొకడు, పని మానుకుని పోతూ, తన కాలి ముళ్లను హుసేనప్పకిచ్చాడు. పట్టీలతో కాళ్లకు బిగించుకుంటే పాదం లోపలి పక్క ఇనుప మొన నిలుస్తుంది. దాన్ని మానులోకి గుచ్చి, దాని మీద నిలబడి, రెండో కాలు గుచ్చాలి. మోకాలు పెద్దగా వంచే పని లేదు. మళ్లీ చెట్టెక్కిన రోజు హుసేనప్ప పైకొమ్మ మీద కూర్చుని చాలాసేపు దిగలేదు. కింద మాబీ కొంగుతో కళ్లొత్తుకుంది.

వీధిలోని ఆ వేపచెట్లు నేతగత్తె భీమక్క అత్త నాటినవి. కరువులో తాగే నీళ్లలోనే కొంత పోసి బతికించినవి. మర్నాడు భీమక్క మాను మీది గాట్లను వేలితో తడిమింది.

"ఏందప్పా ఇది? పచ్చి మానును ఇట్ల పొడుస్తాండావే."

"పైపైనే అక్కా. ఇంత మానుకు అదొక లెక్కా? వానొస్తే పూడిపోతాది."

"బంక కారుతాండాది సూడు."

"వేపకు బంక కారేది కొత్తనా?"

భీమక్క ఇంకేదో అనబోయి ఆయన కాలు చూసి ఊరుకుంది.

ఏటా అవే మానులు, అదే దారి. పాత గాటు పూడకముందే దాని పక్కన కొత్తది. బంక కారిన చోట చీమలు చేరాయి. కొన్నేళ్లకు ఒక మాను బెరడు పొరగా ఊడొచ్చింది. ఆపైన వానల్లేని ఏడాది వచ్చింది. వీధిలో చెట్లు పైనుంచి ఎండుతూ వచ్చాయి.

"కరువప్పా, ఏం చేస్తాం" అని అందరూ అన్నారు. హుసేనప్ప కూడా అదే అన్నాడు.

కానీ వీధి చివర, తేనెపట్టు ఉందని ఎవరూ ఎక్కని వేపచెట్టు ఒకటుంది. అదే నేల, అదే కరువు. అది మాత్రం పచ్చగా ఉంది. ఒక మధ్యాహ్నం హుసేనప్ప దాని కింద నిలబడి నున్నని బెరడు మీద చెయ్యి వేశాడు. తర్వాత ఎండిన మాను దగ్గరికి వచ్చి తన పాత గాటులో వేలు పెట్టాడు. కణుపు దాకా దిగింది. లోపల మెత్తగా, తడి రంపపు పొట్టులా ఉంది. వేలు తీసి పంచెకు తుడుచుకున్నాడు.

భీమక్క ఇంటి ముందుకెళ్లి నిలబడ్డాడు.

"కరువు కాదక్కా. నా కాళ్లే."

ఆమె కండె కింద పెట్టింది. "నాకు ఆపొద్దే అనుమానం. గట్టిగా చెప్పింటే నీ ఇంట్లో పొయ్యి ఆరిపోతాదని నోరు మూసుకుంటి. తప్పు నీ ఒక్కనిదే కాదులేప్పా."

ఆ మాట తిట్టుకంటే ఎక్కువ నొప్పించింది.

ఎండిన మానులు ఇళ్ల మీద పడతాయని కొట్టేయమని ఆయన్నే పిలిచారు. అప్పుడు ముళ్లు కట్టుకున్నాడు. చచ్చిన మానుకు గాయమైతేనేమి? పచ్చి చెట్టు మీద మాత్రం ఇక వాటిని దించలేదు. ఒకసారి పాత మోకు తీసి ప్రయత్నించాడు. మనిషెత్తు కూడా ఎక్కలేక జారి కూలబడ్డాడు. ఆ తర్వాత మిగిలిన చెట్లకు కింద నిలబడి గెడకొడవలితో అందినంతే కొట్టేవాడు.

కొత్త వేపమొక్కలు నాటి ముళ్లకంప కట్టాడు. పొద్దున్నే కుంటుకుంటూ నీళ్లు పోసేవాడు. కొన్నిటిని మేకలు మేశాయి, కొన్ని నిలిచాయి. అవి భుజమెత్తు కాకముందే భీమక్క పోయింది.

దేశానికి స్వరాజ్యం వస్తుందని అందరూ చెప్పుకుంటున్న ఏడాది, కొత్త మొక్కలింకా నీడకు రాక భీమక్క కోడలు ఎండలోనే పడుగు చాచేది. పోగు తెగినప్పుడల్లా ఆమె విసుక్కుంటూ ముడివేసుకోవడం హుసేనప్ప అరుగు మీదికి వినిపించేది. కొన్నాళ్లు విన్నాడు. తర్వాత అరుగు మీది మంచం పెరట్లో వేయమని మాబీతో చెప్పాడు.

"ఈడ గాలి బాగుండాది కదా" అంది మాబీ.

"ఆడే వెయ్యి" అన్నాడు.