దొరసాని పెట్టెలో ఉరకని పాట

“ఏందే, ఇంకా ఆ పాట మీద కుళ్లేనా?”

“కుళ్లే, అక్కా.”

అక్క పోయే ముందు మేము మాట్లాడుకున్న ఆఖరి మాటలివి.

నిన్న మనవడి రేడియోలో తెల్లవాళ్ల వాద్యాలు వినగానే గిద్దలూరులో రైలు దొర బంగళా గుర్తొచ్చింది. దొరసాని గ్రామఫోను పిడి తిప్పే పని అక్కకిచ్చింది. నేను బయట గొర్రెల దగ్గర. ఆ పాట, పిల్లను అమ్మేస్తే తల్లిగొర్రె అరిచినట్టు, లోగొంతుతో నెమ్మదిగా సాగేది. అక్కకు తిప్పడం చేతకాదనుకున్నాను. ఒకరోజు లోపలికి దూరాను.

“ఇట్లియ్యి, నేను ఉరికిస్తా!”

బలమంతా పెట్టి తిప్పాను. పాట తన నడక మార్చుకోలేదు.

“అది ఏడ్చే పాట, పిచ్చిదానా! ఉరకదు,” అని అక్క పడిపడి నవ్వింది.

నాకంటే ముందే ఆమెకు తెలిసింది. అదే ఇప్పటికీ మండుతుంది.

ఏదీ, ఇంతసేపు నేను చెప్తుంటే రాసుకున్నది చదువు నాయనా. అక్క గురించే ఎక్కువ రాసినావేమో వింటా.