ఆరు గంటల నిద్ర

మా వీధి ఇస్త్రీ పెద్దమ్మ పొద్దున్నే ముడుచుకుపోయిన వేళ్లను రెండో చేత్తో ఒక్కొక్కటే విప్పుకుని, అప్పుడు పెట్టె పట్టుకుంటుంది. కీళ్లనొప్పులతో ఏళ్లుగా ఆమెకు కంటి మీద కునుకు లేదు. డాక్టరమ్మ నిద్రకు మందిచ్చి, రోజూ ఎన్ని గంటలు నిద్రపోయిందో రాయమని ఒక గళ్ల కాగితం కూడా ఇచ్చింది. అంత ఓపిగ్గా చూసిన మనిషికి తక్కువ అంకె చూపించాలంటే పెద్దమ్మకు తల కొట్టేసినట్టుండేది. అన్ని గళ్లలోనూ ఆరు వేసింది.

రెండు వారాలయ్యాక, తాను ఇస్త్రీ చేసిన డాక్టరమ్మ తెల్లకోటు చంకలో పెట్టుకుని వెళ్లింది. కాగితం చూసి డాక్టరమ్మ మురిసిపోయింది.

"భలే పెద్దమ్మా! బాగానే నిద్రపడుతోందిగా. ఇక మందు ఆపేద్దాం."

పెద్దమ్మ తల దించుకుని కోటు మడత విప్పింది. వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో కాలిన మచ్చ.

"నిలబడే కునికానమ్మా. రాత్రి రెండు గంటలకు మించి నిద్ర పట్టట్లేదు."

"మరి ఆరని రాశారేం?"

"మీరు చిన్నబుచ్చుకుంటారనీ..."

డాక్టరమ్మ కోటు మడిచి పక్కన పెట్టింది. "కోటు పోతే పోయింది, చెయ్యి కాలలేదు కదా! మందు మారుద్దాం. ఈసారి నన్ను సంతోషపెట్టకండి" అంటూ కొత్త కాగితం ఇచ్చింది. పెద్దమ్మ అక్కడే మొదటి గడిలో చాలా చిన్నగా రెండు వేసింది. చూపించేటప్పుడు మాత్రం ఆ అంకె మీద బొటనవేలు అడ్డం పెట్టింది.