కెజయ్యా ఎవరి కూతురు?

దారిపక్కన సమాధి రాయి కనిపిస్తే ఓర్ఫాకి కాళ్ళు నిలిచేవి కావు. పెళ్ళికి కారులో వెళ్తున్నా సరే, బండి ఆగాల్సిందే. ఆగాల్సిందే అనడం మర్యాదకి. ఆగకముందే ఆవిడ ఒక కాలు బయట పెట్టేసేది. అమెరికాలోని ఆ ఆర్కన్సా కొండల్లో ఆవిడ మోకాళ్ళు ఆనని శ్మశానం లేదనేవారు.

ఈ తిరుగుడంతా ముత్తవ్వ కెజయ్యా కోసం. వందేళ్ళ కిందటి ఆ మనిషి రాతి మీద "ఏమోస్ భార్య" అని మాత్రం ఉంది. ఎవరి కూతురో ఎవరూ చెప్పలేరు. మే నెలలో కుటుంబమంతా సమాధులకి పూలు పెట్టి, అక్కడే గడ్డి మీద భోజనాలు చేస్తారు. ఆలోగా ఆ రాతి మీద పుట్టింటిపేరు చెక్కించాలని ఓర్ఫా పంతం.

బండి తోలేది తమ్ముడు వెర్లిన్. భార్య నోలా పోయాక గడప దాటడం మానేసిన మనిషి. "నాకు చూపు ఆనడం లేదురా, నువ్వు తోలు" అని ఓర్ఫా లాక్కొచ్చింది. అదే చూపుతో ఎక్కడో పొదల్లో ఒరిగిన రాయిని మాత్రం ఇట్టే పట్టేసేది.

"అక్కా, ఆకలేస్తోంది."

"ఈ వరస చూసి తిందాం."

"పొద్దున్నా ఇదే మాటన్నావు."

"అది వేరే వరస."

ఆ రోజు ఓ కొండవాలున ఓర్ఫా అరిగిన అక్షరాలు తేలి కనబడేలా వాటి మీదికి చేతి అద్దంతో ఎండ తిప్పుతోంది. విసుగ్గా వెనక వరసకి నడిచిన వెర్లిన్ ఆగిపోయాడు. అక్కడి రాళ్ళన్నిటి మీదా ఒకటే ఇంటిపేరు, ప్రూయిట్.

"అక్కా! కెజయ్యా పెద్దకొడుకు, మన తాత పేరు ప్రూయిట్ కదూ?"

"అయితే?"

"పెద్దకొడుక్కి తల్లి పుట్టింటిపేరే పేరుగా పెట్టేవాళ్ళు కదే! నోలా వాళ్ళన్నకీ అలాగే పెట్టారు. కెజయ్యా వీళ్ళ పిల్ల!"

ఓర్ఫా అద్దం దించింది. ఆశ్చర్యపోవాల్సిన ముఖం ఆశ్చర్యపోలేదు.

"నీకు ముందే తెలుసు" అన్నాడు వెర్లిన్.

"సొంత తాత పేరు తెలియకుండా ఉంటుందా?"

"మరి నన్నెందుకు ఇలా ముళ్ళపొదలన్నీ తిప్పావు?"

"నిన్ను ఆ ఇంట్లోంచి కదపడం బతికున్నవాళ్ళ వల్ల కాలేదురా. అందుకే చచ్చినవాళ్ళని పిలిచాను."

వెర్లిన్‌కి కోపం రావాలి. వచ్చిందనే అనుకుని ఆ రాళ్ళ మధ్య అటూ ఇటూ తిరిగాడు. ఆఖరి రాయి దగ్గర వంగి, నాచు గోటితో గీకాడు.

"కెజయ్యా వాళ్ళమ్మ కాబోలు. ఈవిడకీ 'భార్య' అనే చెక్కారు. ఇంతకీ ఈవిడెవరి కూతురంటావ్?"

ఓర్ఫా అప్పటికే బండెక్కి హారన్ కొడుతోంది.